రెండు పూతలు

మా ఇంట్లో తువ్వాలుని తువ్వాలు అని ఎవరూ అనరు. "ఆ జాతీయం ఇటు పడెయ్" అంటారు మామయ్య. నలుగురికీ కలిపి ఉన్నది ఒకటే మరి. దువ్వెన కూడా జాతీయమే. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకున్న ఏడాది, అక్కడ పనిచేసే అత్తయ్య ఆ మాటను ఇంటికి తెచ్చిందట.

అంతకుముందు యజమాని సరిపడా కుట్టుమిషన్లు కొనేవాడు కాదు. ఆడవాళ్లు ఇళ్లలోవి మోసుకెళ్లేవారు. అత్తయ్యదీ అలా వెళ్లిందే. వాళ్లమ్మ ఇచ్చిన మిషన్. జాతీయం చేసిన రోజు ప్రతి వస్తువు మీదా 'ప్రభుత్వ ఆస్తి' అని రాయమన్నారు. ఆమె రాత ముత్యాల్లా ఉంటుందని కుంచె ఆమెకే ఇచ్చారు. సొంతవి వదిలేయొచ్చని గుమాస్తా చెప్పినా వినలేదు. ఫ్యాక్టరీయే మనదయ్యాక ఇంకా నాదీ నీదీ ఏమిటని తన మిషన్ మీదా రాసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ రాయించుకున్నారు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూసేశారు. నేనూ అక్కడే కుట్టేదాన్ని. ఇద్దరి పనీ ఒక్కరోజే పోయింది. ఆ మిషన్ ఇంటికొస్తే చుట్టుపక్కలవాళ్ల బట్టలు కుట్టుకుని ఎలాగోలా బతకొచ్చు.

సామాన్లు లారీకెక్కించే రోజు వెళ్లాం. అధికారి చెడ్డవాడేం కాదు. రాత చెరిగిపోయినవి ఎవరివి వాళ్లు తీసుకెళ్లమన్నాడు. పక్కింటి వదిన మా వైపు చూడకుండా తన మిషన్ మోయించుకుని గేటు దాటింది. అత్తయ్య మిషన్ మీద మాత్రం ప్రతి అక్షరమూ నిన్న రాసినట్టుంది.

"జాతీయం అంటే అందరిదీ కదా బాబూ. ఆ అందర్లో నేను లేనా?"

"అందరిదీ కాబట్టే ఒక్కరికి ఇవ్వలేనమ్మా. ఇదీ చెరిగుంటే చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఎవరు రాశారో గానీ గట్టిగా రాశారు."

ఎవరు రాశారో అత్తయ్య చెప్పలేదు. ఆయన అటు తిరిగాక నేను గోటితో గీకి చూశాను. గోరు విరిగింది.

"ఊడదులే అమ్మాయ్" అంది. "అన్నిటికీ ఒక పూతే వేశా. నాదని దీనికి రెండు వేశా."

లారీ ఎక్కించేముందు కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

ఇంటికొచ్చేసరికి మామయ్య మొహం కడుక్కుంటున్నారు. కళ్లు మూసుకునే చెయ్యి చాచి, "ఆ జాతీయం ఇలా ఇవ్వు" అన్నారు.

అత్తయ్య తీసి చేతిలో పెట్టింది.

"తువ్వాలు అనండి" అంది.