కుప్పయ్య మూడో పిలుపు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై రెండో ఏట, మా వీధి సాయంకాలపు బడిలో. ఏ వత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడుతుంటాను. ఈ కాస్త కథ రాయడానికి వేరుశనగ వేసి పంట తీసినంత కాలం పట్టింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. నెమ్మదిగా రాసింది కాబట్టి నెమ్మదిగా చదివినా ఏమీ అనుకోను.

ఎమర్జెన్సీ రోజుల్లో తిరుపతి మునసబు కోర్టుకు రెండు గొంతులు ఉండేవి.

ఒకటి జడ్జి దేవనాథన్ గారిది. అది ఆయన బల్ల దాటి కిందికి దిగేది కాదు. ముందు వరసలో ఉన్న వకీళ్లు కూడా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని తీర్పు వినేవాళ్లు. రెండోది బంట్రోతు కుప్పయ్యది. అది వరండాలో బయలుదేరితే కాంపౌండు గోడ దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఆదిమూలం టీ అంగట్లో బాయిలరుకు తగిలి ఆగేది. వాయిదాకు వచ్చినవాళ్లు ఆ ధైర్యంతోనే అంగట్లో తీరిగ్గా కూర్చునేవాళ్లు.

కుప్పయ్య వయసులో ఉన్నప్పుడు పల్లెల్లో భారతం ఆడితే దుర్యోధనుడి వేషం కట్టినవాడు. ఆ గొంతు చూసే కోర్టులో ఉద్యోగం ఇచ్చారని చెప్పుకునేవాడు. తలపాగా, భుజం మీంచి అడ్డంగా ఎర్ర డవాలి పట్టీ, డవాలికి ఇత్తడి బిళ్ళ. కోర్టులో ఎవరి పేరైనా మూడుసార్లు పిలవాలి. మూడు పిలుపులకూ మనిషి పలకకపోతే కుప్పయ్య లోపలికి తల తిప్పి, "రాలేదు సార్" అనాలి. అప్పుడే జడ్జి గారి కలం కదలాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట కుప్పయ్య తప్ప మరొకరు అనలేదు.

అప్పుడు నడుస్తున్నది దేవకమ్మ కేసు. దేవకమ్మ బస్టాండు దగ్గర కొయ్యబొమ్మలు, దువ్వెనలు అమ్ముకునే ముసలామె. పెద్దవాళ్లెవరో వస్తున్నారని ప్రభుత్వం ఆ రోడ్డు వెడల్పు చేయ తలపెట్టింది. వరసలో ఉన్న అంగళ్లవాళ్లు ఒక్క కేకకే ఖాళీ చేశారు. దేవకమ్మ చేయలేదు. మొగుడి పేరు మీద ఉన్న పాత పట్టాను సంచిలో చుట్టుకుని కోర్టుకొచ్చింది. పట్టా ఉన్న అంగడిని తీయాలంటే ఒక పద్ధతి ఉంది, విచారణ అయ్యేదాకా ముట్టుకోవద్దని దేవనాథన్ గారు స్టే ఇచ్చారు. దాంతో రోడ్డు రెండు వైపుల నుంచీ దర్జాగా వచ్చి, దేవకమ్మ అంగడి దగ్గర ఒళ్లు దగ్గరపెట్టుకుని, దాటాక మళ్లీ దర్జాగా పోయేది.

జడ్జి గారికి ముందు ఫోన్లు వచ్చాయి. ఆయన ప్రతిదానికీ మర్యాదగానే జవాబు చెప్పారట. ఏం చెప్పారో వినబడక అవతలివాళ్లే విసుగొచ్చి పెట్టేశారట. తర్వాత కొండ మీద ప్రత్యేక దర్శనం చేయిస్తామని ఒకాయన వచ్చాడు. "మా ఇంటావిడా నేనూ ధర్మదర్శనం వరసలోనే నిలబడతామండీ, మేమిద్దరం మాట్లాడుకోవడానికి అక్కడే తీరుబడి దొరుకుతుంది" అన్నారు. ఆ తర్వాత ఇంటి కొళాయికి నీళ్లు రావడం మానేశాయి. ఆయన భార్య రంగనాయకి గారు బిందె చంకన పెట్టుకుని వీధి కొళాయి దగ్గర మా అందరితో పాటు నిలబడ్డారు. చివరికి బదిలీ కాగితం టైపు కొట్టి ఉందనీ, తేదీ వేయడమే తరువాయి అనీ కబురు పంపారు. "చలి ప్రాంతమైతే ముందుగా చెప్పమనండి, కంబళి చూసుకోవాలి" అన్నారు జడ్జి గారు.

అప్పుడు జయరావుకు వేరే ఆలోచన తట్టింది. జయరావు పాలక పార్టీ మనిషి. పదవంటూ ఏమీ లేదు గానీ జీపు ఉండేది. ఆ రోజుల్లో జీపుంటే పదవి ఉన్నట్టే. జడ్జి వంగకపోతే కోర్టులో ఇంకెవరైనా వంగుతారేమోనని చుట్టూ చూస్తే, ఎర్ర డవాలి కనిపించింది.

సోమవారం పొద్దున ఆదిమూలం టీ అంగట్లో కుప్పయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏం కుప్పయ్యా, బాగుండావా?"

"బాగుండానయ్యా."

"గురువారం దేవకమ్మ కేసు ఉండాది గదా. ఆయమ్మ వకీలుకు ఆ పొద్దు జ్వరమొస్తాది."

"ఇంగా సోమవారమే గదయ్యా!"

"వస్తాదని చెప్తా ఉండా గదా."

ఆ ఏడాది తిరుపతిలో జ్వరాలు ఎక్కువగా వకీళ్లకే వచ్చేవి.

"వకీలూ రాక, ఆయమ్మా పలక్కపోతే కేసు కొట్టేస్తారు. స్టే పోతాది. శుక్రవారం మా పని మేం చేసుకుంటాం" అన్నాడు జయరావు.

"పిలిస్తే పలుకుతాది గదయ్యా ఆయమ్మ."

"పిలువు. పిలవద్దని ఎవురన్నారు? మూడుసార్లూ పిలువు. రవంత మెల్లగా పిలువు. ఇంత గట్టిగా పిలవాలని యాడన్నా రాసుండాదా?"

కుప్పయ్య ఆలోచించాడు. ఎక్కడా రాసి లేదు.

"నేనేమన్నా దొంగసాక్ష్యం చెప్పమన్నానా? గొంతు తగ్గించుకోమన్నా. వయసైనోళ్లకు డాక్టర్లు గూడా అదే చెప్తారు. లేదంటే దూరంగా సత్యవేడు కోర్టులో బంట్రోతు పని ఖాళీగా ఉండాది, ఆడికి పోతావు. ఇంగా కోపమొస్తే లోపలేస్తారు. ఇప్పుడు ఎందుకేసినారని అడిగేవాళ్లు గూడా లేరు." జయరావు లేచి, నవ్వుతూ భుజం తట్టి వెళ్లాడు.

కుప్పయ్యకు రిటైరు కావడానికి రెండేళ్లుంది. తిరుపతిలో చిన్న ఇల్లు, పెరట్లో ఈనబోతున్న గేదె. సెలవు పెడదామా అనుకున్నాడు. తను లేకపోతే పిలిచేది రెండో బంట్రోతు మునిరత్నం. వాడు మాట్లాడితే వాడి మీసాలకే వినబడదు. సెలవు పెట్టడమంటే జయరావు చెప్పింది చేయడమే. పోనీ ఆ చెప్పిందేదో తానే చేస్తే? మూడుసార్లు పిలవమనే కదా రూలు.

అయితే ఒక చిక్కు వచ్చింది. కుప్పయ్యకు మెల్లగా పిలవడం చేతకాదు. మర్నాడు తెల్లవారుతూనే పెరట్లో గేదె పక్కన నిలబడి "దేవకమ్మా" అన్నాడు. దూలం మీది కాకులు లేచిపోయాయి. ఇంకాస్త తగ్గించాడు. పక్కింట్లో కుక్క మొరిగింది. బుధవారం సాయంత్రానికి ఎలాగో గొంతు దారికొచ్చింది. "దేవకమ్మా... దేవకమ్మా..." అని గేదె చెవిలో పాలు పోసినట్టు పలికాడు.

వెనక నుంచి భార్య సుబ్బులమ్మ, "ఎవుతయ్యా అది?" అంది. చేతిలో మజ్జిగ కవ్వం ఉంది.

"ఎవురు?"

"దేవకమ్మ. రెండు దినాలుగా ఎనుముకు సెప్పుకుంటా ఉండావే, ఆ దేవకమ్మ."

"అబ్బే, అది కోర్టు పనే."

"కోర్టు పని పెరట్లో ఏంటికి? ఉప్పు తెమ్మని నువ్వు నన్నరిస్తే అవతలి వీధోళ్లు ఉప్పు తెచ్చిచ్చిరి. ఇన్నేండ్లకు ఒక్కనాడన్నా నా పేరు పెట్టి పిల్సినావా? ఏమే, ఒసే! ఆయమ్మకైతే గొంతులో ఎన్నపూస పెట్టుకుంటా ఉండావు!"

"ఒసే, ఆయమ్మకు డెబ్బై ఏండ్లే!"

"అయితే ఇంగా సిగ్గుచేటు."

ఇక తప్పక కుప్పయ్య అంతా చెప్పాడు. జయరావు, జ్వరం, సత్యవేడు, అన్నీ. సుబ్బులమ్మ ముందు కళ్లార్పకుండా వింది. తర్వాత కవ్వం పక్కన పడేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వా! మెల్లగానా! ఆ జయరావుకు పనిచ్చేదానికి ఇంగెవురూ దొరకలేదా!"

"నవ్వింది చాల్లే. మూడుసార్లు పిలవాలనే గదా రూలు. పిలుస్తా."

"ఆయమ్మకు ఇనపడకపోతే?"

"రూలు ప్రకారం పిల్సినట్టే."

"రూలును ఎవురడిగినారయ్యా? నిన్నడుగుతా ఉండా."

కుప్పయ్య గేదెకు గడ్డి వేశాడు. అప్పటికే దాని ముందు గడ్డి ఉంది.

గురువారం పొద్దున చాంబరులో కుప్పయ్య జడ్జి గారికి నల్లగౌను తొడుగుతున్నాడు. జడ్జి గారు చేతులు దూర్చుకుంటూ ఏదో అన్నారు. కుప్పయ్య వంగి విన్నాడు.

"నాకు ఫోనులో చెప్పారయ్యా. నీకెక్కడ చెప్పారు?"

"టీ అంగడి కాడ సార్."

"టీ బాగుందా?"

"గొంతు దిగలా సార్." గౌను వదలకుండానే అడిగాడు. "నన్నేం చేయమంటారు సార్?"

"అది నేను చెప్పకూడదు. జయరావు చెబితే ఒత్తిడీ, నేను చెబితే ధర్మమూనా? నీ పని నీది." జడ్జి గారు గౌను సర్దుకుని హాల్లోకి వెళ్లిపోయారు.

కుప్పయ్యకు ఒళ్లు మండింది. ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే, తర్వాత ఏం జరిగినా ఆయన మీదికి తోసేయడానికి ఉండేది.

పదకొండు గంటలకు కేసు వచ్చింది. రోజూ వరండా స్తంభానికి ఆనుకుని కూర్చునే దేవకమ్మ ఆ రోజు అక్కడ లేదు. రోడ్డవతల ఆదిమూలం అంగట్లో ఉంది. జయరావు మనిషి ఒకడు ఆమెకు కాఫీ తెప్పించి, ఎండ తగలకుండా గొడుగు కూడా పట్టుకున్నాడు. ఒళ్లో సంచి పెట్టుకుని ఆమె హాయిగా ఊదుకుని తాగుతోంది. లోపల ప్రభుత్వ వకీలు అప్పుడే లేచి నిలబడ్డాడు.

కుప్పయ్య గుమ్మంలో నిలబడి మొదటిసారి పిలిచాడు. "దేవకమ్మా..." వరండా వాసాల మీది పిచ్చుక కూడా కదల్లేదు.

మెట్ల మీద దస్తావేజులు రాసుకుంటున్న పరంధామయ్య తలెత్తాడు. "ఏం కుప్పయ్యా, గొంతుకేమైందప్పా? పెండ్లిచూపుల్లో పిల్ల మాదిరి పలకతా ఉండావు?"

కుప్పయ్య చెవులు ఎర్రబడ్డాయి. రెండోసారి పిలిచాడు. "దేవకమ్మా..." అది పిలుపో నిట్టూర్పో అతనికే తెలియలేదు. అవతల దేవకమ్మ గ్లాసులో కాఫీ ఇంకా సగముంది.

అంతలో లోపల నుంచి ప్రభుత్వ వకీలు గొంతు వినిపించింది. "వాది రాలేదు సార్. కేసు కొట్టేయాలని మనవి."

కుప్పయ్య గిరుక్కున లోపలికి తిరిగాడు. "ఇంగో పిలుపు ఉండాది సార్."

"రాలేదని చెప్పాను కదయ్యా" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"మీరెట్లా చెప్తారు సార్? రాలేదని చెప్పాల్సింది నేను!"

కోర్టు హాలంతా వెనక్కు తిరిగి చూసింది. జడ్జి గారు కలానికి మూత పెట్టారు. "బంట్రోతు చెప్పాలి" అన్నారు. ఆ మాట రెండో వరసకు కూడా వినిపించలేదు. గుమ్మంలో కుప్పయ్యకు మాత్రం వినిపించింది.

ఆ క్షణంలో నీకు న్యాయం గుర్తొచ్చిందా, ముసలామె అంగడి గుర్తొచ్చిందా అని తర్వాత సుబ్బులమ్మ అడిగింది. ఏదీ గుర్తు రాలేదన్నాడు కుప్పయ్య. ఇరవై ఆరేళ్లుగా తానొక్కడే చెప్పిన మాటను ఎవడో కోటువాడు ఎత్తుకుపోయాడన్న కోపం తప్ప.

అతను బయటికి తిరిగి, ఊపిరి నిండా పీల్చి, మూడోసారి పిలిచాడు.

"దే...వ...క...మ్మా!"

పిచ్చుక ఎగిరిపోయింది. పరంధామయ్య చేతిలో కలం గీత తప్పింది. ఆదిమూలం పోస్తున్న టీ గ్లాసులో కాక బల్ల మీద పడింది. పక్క కాంపౌండులో రిజిస్ట్రేషనుకు వచ్చిన ఒక దేవకమ్మా, బస్టాండులో రేణిగుంట బస్సెక్కుతున్న మరో దేవకమ్మా తమనే అనుకుని పరుగెత్తుకొచ్చారు. వాళ్లిద్దరి కంటే ముందు, గొడుగు మనిషిని మోచేత్తో తోసుకుని, ఒక చేత్తో సంచీ, మరో చేత్తో కాఫీ గ్లాసూ పట్టుకుని అసలు దేవకమ్మ వచ్చింది.

"వస్తా ఉండా నాయనా, వస్తా ఉండా! నాకేమన్నా చెవుడా? అట్లా అరిస్తే గుండాగిపోదా? మెల్లగా పిలిస్తే రానా నేను?"

కుప్పయ్య లోపలికి తల తిప్పి, "వచ్చినారు సార్" అన్నాడు. ఎంతమంది వచ్చారో చెప్పలేదు.

జడ్జి గారు వకీలు జ్వరం చీటీ చదివారు. పట్టా చూశారు. విచారణ వచ్చే నెలకు వాయిదా వేసి, అందాకా స్టే అలాగే ఉంటుందని రాశారు. ఆయన చదివింది ఎవరికీ వినబడలేదు కానీ, కాగితం మీద స్పష్టంగా ఉంది.

రెండు వారాలకు ఒకే టపాలో రెండు కవర్లు వచ్చాయి. జడ్జి గారికి శ్రీకాకుళం అవతల, కుప్పయ్యకు సత్యవేడు. ఆ కేసు తర్వాత వచ్చిన జడ్జి గారి దగ్గర వాయిదాల మీద నడుస్తుండగానే ఎన్నికలొచ్చి ఢిల్లీలో ప్రభుత్వం మారింది. జయరావు జీపు పోయింది. అంగడి పోలేదు. కానీ కుప్పయ్య కవరు విప్పిన రోజున ఇదేదీ ఎవరికీ తెలియదు. గేదె అప్పుడే ఈనింది కాబట్టి సుబ్బులమ్మ కొంతకాలం ఇక్కడే ఉండాలని, కుప్పయ్య ఒక్కడే వెళ్లాలని అనుకున్నారు.

వెళ్లే రోజు హెడ్ గుమాస్తా దొరస్వామి ఒక కాగితం ముందు పెట్టాడు. "ఈడ సంతకం పెట్టబ్బా."

కుప్పయ్య కూడబలుక్కుని చదివాడు. తన సొంత కోరిక మీద సత్యవేడుకు బదిలీ అడిగినట్టు ఉంది.

"నేనడిగినానా దొరస్వామీ?"

"అడగలేదులే. అట్లా రాస్తే ఎవురికీ మాట రాదు. అందరి చేతా అట్లే రాయిస్తా ఉండారు. జడ్జి గారికి గూడా అట్లాంటి కాగితమే వచ్చింది."

"ఆయన పెట్టినాడా?"

"లేదప్పా. దాన్ని అటూ ఇటూ తిప్పి సూసి, ఇది నా రాత కాదే అని తిరిగిచ్చేసినాడు."

కుప్పయ్య కాగితాన్ని బల్ల మీద వెనక్కు జరిపాడు. "పంపిస్తే పోతా. పొమ్మన్నోళ్లు పొమ్మన్నామని రాయాల. నేను అడిగినానని మాత్రం రాయొద్దు."

దొరస్వామి కిటికీలోంచి బయటికి చూశాడు. లేచి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, "సొంత కోరిక మీద" అన్న చోట అడ్డంగా గీత గీసి, పైన "ప్రభుత్వ ఉత్తర్వు మేరకు" అని రాశాడు.

కుప్పయ్య ఆ మూడు మాటలూ రెండుసార్లు చదువుకున్నాడు. కింద సంతకం పెట్టి, డవాలి మడిచి సంచిలో పెట్టుకుని, సత్యవేడు బస్సుకు నడిచాడు.

ఎం. పంకజాక్షి
వయసు డెబ్బై ఒక్క ఏళ్లు
అప్పట్లో తిరుపతిలో సుబ్బులమ్మ వాళ్ల పక్కిల్లు మాది. ఇప్పుడు నాయుడుపేటలో కూతురి దగ్గర ఉంటున్నాను.