ఒకే మైకు ముందు అక్కా తమ్ముడూ

సినిమాలో నాయకుడూ నాయికా ఒకే బేడీలో ఇరుక్కుంటారు. నాయకుడు దొంగ. కాని రక్తం చుక్క కనబడితే చాలు, కళ్ళు తిరిగి పడిపోతాడు. నాయిక పోలీసు. బేడీలో ఒక కొస దొంగ చేతికీ రెండో కొస తన చేతికీ తగిలించుకుని, తాళంచెవి కాస్తా కాలవలో పారేసుకుంటుంది. ఆ పైన ఆటంతా రౌడీలు వాళ్ళను తరమటం, వీళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ, తన్నుకుంటూ, తీరిక దొరికినప్పుడు రౌడీలను కూడా తన్నుతూ పరిగెత్తటం. కథ అంతే. ఇంతకన్నా కథ కావాలనుకునేవాళ్ళు కోర్టుకెళ్ళి కూర్చోవచ్చు.

పొరుగు భాషలో ఆ సినిమా విరగబడి ఆడింది. ఆడించింది ఫైట్లు కాదు, ఆ జంట. ఒకరు మాట విసిరితే రెండోవాళ్ళు కింద పడనివ్వరు. దాన్ని మన భాషలోకి దించే పని ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోకి వచ్చింది.

నాయికకు గొంతు ఇవ్వవలసింది అక్క. ఆ స్టూడియోలో గేటు దగ్గరి మనిషి మొదలు డైరెక్టరు దాకా ఆమెను అందరూ అక్కే అంటారు. ఏళ్ళ తరబడి తెరమీది పడుచుపిల్లలందరికీ ఆమే గొంతు. పిల్లలు మారారు గాని వాళ్ళ వయసు మారలేదు. పెరిగింది అక్క వయసొక్కటే. నాయకుడికి గొంతు ఇచ్చేది ఆమె సొంత తమ్ముడు. చేయి పట్టుకుని ఈ పనిలోకి తెచ్చింది ఆమే. జనం ఈలలు వేసి చూసిన ప్రేమకథల్లో సగం ఒకే కడుపున పుట్టిన ఈ ఇద్దరూ చెప్పినవని జనానికి తెలియదు. తెలియకపోవటమే మంచిది. వాళ్ళకు కూడా మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. తరవాత ఎవరి మాటలు వాళ్ళు విడివిడిగా తెర చూసి చెప్పేసి వెళ్ళిపోవటం అలవాటయింది.

ఈసారి మాత్రం ఇద్దరికీ మాటల్లేవు.

నాయికకు కొత్తమ్మాయిని పెడదామా అని డైరెక్టరు తమ్ముణ్ణి అడిగాడట. "అక్క గొంతు ముదిరిందండీ" అన్నాడట వీడు. ఆ ముక్క రికార్డిస్టు చెవిన పడింది. అతని చెవిన పడితే ఊరందరి చెవిన పడినట్టే. సాయంత్రానికల్లా అక్కకు చేరింది. "ముదరటానికి నేనేమన్నా బెండకాయనా?" అని ఇంట్లో గిన్నెలను అడిగింది. తమ్ముడు ఫోను చేస్తే ఎత్తటం మానేసింది. పరాయివాడు అని ఉంటే నవ్వి ఊరుకునేది. అయినవాడు అన్నాడు కనుక మింగుడుపడలేదు.

డైరెక్టరు ఎటూ తేల్చుకోలేక, మొదటి రీలు అక్కతోనే చేసి చూద్దామన్నాడు. పండితే సినిమా ఆమెది, పండకపోతే కొత్తమ్మాయిది. ఇది చేజారితే ఇక నాయికలు పోయినట్టేనని అక్కకు తెలుసు. ఆ తరవాత మిగిలేవి అత్తగార్లు, నర్సులు, దయ్యాలు. దయ్యాలకు కూడా ఈ మధ్య పడుచు గొంతులే అడుగుతున్నారు.

ఆమె పొద్దున వచ్చి తన మాటలు చెప్పింది. వాడు మధ్యాహ్నం వచ్చి వాడివి చెప్పాడు. రెండూ కలిపి వింటే ఉప్పులేని కూరలా ఉంది. "వాళ్ళు అక్కడ కొట్టుకు చస్తుంటే మీరిద్దరూ ఇక్కడ విడివిడిగా పాఠం అప్పజెబుతున్నారేమిటి?" అని డైరెక్టరు తల పట్టుకున్నాడు. "రేపు ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడాలి. ఇష్టముంటే రండి, లేకపోతే మానెయ్యండి."

ఇష్టం లేదు. అయినా వచ్చారు.

ఆ గది బీరువాకన్నా కాస్త పెద్దది. మైకు ఒకటే. భుజం భుజం రాసుకోకుండా నిలబడటం కుదరదు. అక్క మైకుతో తప్ప ఎవరితోనూ మాట్లాడనన్నట్టు నిలబడింది. తెరమీద నాయిక దొంగ కాలరు పట్టుకుని, "నిన్ను వదిలేసి ఎక్కడికీ వెళ్ళను" అనాలి. అక్క అలవాటు కొద్దీ పక్కనున్న మొహం చూసి, "నిన్ను వదిలేసి ఎక్కడికీ వెళ్ళనురా తమ్ముడూ!" అనేసింది.

రికార్డిస్టు కుర్చీలోంచి జారిపోయాడు. డైరెక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"వెళ్తే వెళ్ళక్కా, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యరా!"

"మూస్తే నాయకుడికి ఎవరు చెబుతారు?"

"అదీ! సరిగ్గా అదే కావాలి నాకు!" అని అద్దం అవతల నుంచి డైరెక్టరు అరిచాడు. "ఆ వేడి చల్లారకముందే కానివ్వండి!"

కానిచ్చారు. అక్కకు లోపల రగులుతున్నదంతా నాయిక నోట్లోంచి బయటపడింది. తెరమీద ఆవిడ దొంగను ఒక్కటి పీకితే ఇక్కడ అక్క తమ్ముడి జబ్బ మీద ఒక్కటి వేసేది. వాడి "అబ్బా!" అచ్చంగా అబ్బే. కాని వాడొక కొత్త దురలవాటు పట్టుకున్నాడు. ఆమె మాట ఇంకా పూర్తికాకుండానే వచ్చి మీద పడుతున్నాడు. తెరమీద నాయకుడి వీపు కనిపిస్తే చాలు, పెదవులు కలవాల్సిన బాధ లేదు గదా అని దూరిపోతున్నాడు.

"వాడు నా డైలాగులు మింగేస్తున్నాడండీ," అని అక్క ఫిర్యాదు చేసింది.

"మింగనివ్వండక్కా, బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు డైరెక్టరు. ఒకే మైకులో పడిన రెండు గొంతులను విడదీయటం ఎలాగూ కుదరదు. మొదటి రీలు పండింది. సినిమా ఆమెదే అయింది. పని ముగిసేదాకా ఇద్దరూ మైకు ముందు గొంతులు చించుకున్నారు, తలుపు దాటగానే నోళ్ళు కుట్టేసుకున్నారు.

విడుదలయ్యాక డైరెక్టరు అందరినీ హాలుకు పిలిచి, ఈ ఇద్దరికీ పక్కపక్క సీట్లు ఇచ్చాడు. పని చేసేటప్పుడు ముక్కలు ముక్కలుగా చూసిన సినిమాను అక్క మొదటిసారి మొత్తంగా చూసింది. చూస్తూ చూస్తూ పని సంగతే మరిచిపోయింది. ఐసు ఫ్యాక్టరీలో ఫైటు వచ్చింది. బేడీతో కట్టేసి ఉన్న ఇద్దరూ మంచు మీద జారుతూ, ఒకరిని ఒకరు గదలా తిప్పి రౌడీలను కొడుతుంటారు. అంత గొడవలోనూ నాయిక అతని కళ్ళకు రక్తం కనబడకుండా అరచెయ్యి అడ్డం పెడుతుంది. ఆ దొంగ వేళ్ళ సందులోంచి ఆమెనే చూస్తాడు. హాలు హాలంతా కేకలు. అక్కకు నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి.

వెనక వరసలో ఒకావిడ మొగుడితో, "వీళ్ళిద్దరూ బయట కూడా ప్రేమించుకుంటూ ఉంటారు, రాసిపెట్టుకో. లేకపోతే మాట నోట్లో ఉండగానే అలా అందుకోలేరు," అంది. తమ్ముడికి పొరబోయింది.

అందుకోవటమా? అక్క ఈసారి చెవి పెట్టి వింది. వంతెన మీది సీను వస్తోంది. నాయిక గుక్క తిప్పుకోకుండా తిట్టే పెద్ద డైలాగు. రికార్డింగునాడు ఆ డైలాగు చివర్లో పైస్థాయికి పోయేసరికి తన గొంతు జీరపోయింది. అది ఆమెకు బాగా గుర్తుంది. ఇప్పుడు హాలంతా వింటుందని బిగుసుకుని కూర్చుంది. జీర వినబడలేదు. సరిగ్గా అక్కడ నాయకుడు "నా మొహానికేమైందే?" అని మీద పడ్డాడు. జనం ఈలలు వేశారు. మరో చోట ఊపిరి చాలలేదు. అక్కడా వాడే. ఆ తరవాత ఆమె తెర చూడటం మానేసి, తమ్ముడి వైపు తిరిగింది.

"నా గొంతు తడబడిన చోటల్లా వచ్చి పడ్డావు కదరా."

"వీపు కనిపించిన చోటల్లా పడ్డాను. మొహాలు కనిపించేచోట రెండు తడబాట్లు అలాగే పోయాయి. ఎవరూ పట్టుకోలేదులే."

"మరి ముదిరిందని ఆయనతో ఎందుకన్నావు?"

"ముదిరింది కాబట్టి అన్నాను. అయినా అక్కే కావాలి, పక్కన నేనుంటాగా, అని కూడా అన్నాను. ఆ రికార్డిస్టు వెధవ మొదటి ముక్క విని టీకి పోయుంటాడు."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"నువ్వు ఫోనెత్తితే గదా!"

అక్కకు వాణ్ణి కొట్టాలనిపించింది, వాడి తల నిమరాలనిపించింది. రెండూ చెయ్యలేక ఏడ్చింది. ఐసు ఫ్యాక్టరీకి నవ్వి, ఏడవటానికేమీ లేని చోట ఏడుస్తున్న ఈ మనిషిని పక్కసీటాయన వింతగా చూశాడు.

ఆట విడిచాక డైరెక్టరు జనాన్ని తోసుకుంటూ ఎదురొచ్చాడు. "రెండో భాగం కూడా మనకే ఇస్తామంటున్నారక్కా! గొంతులు మీ ఇద్దరివే ఉండాలట!"

"ఒక షరతు," అంది అక్క. "పొడుగు డైలాగులు విరిచి రాయించండి. ఎక్కడ విరవాలో రచయితగారి పక్కన కూర్చుని నేనే చెబుతాను. విరిచిన చోట వీడి మాట పడాలి."

"ఎందుకక్కా? ఇప్పుడు బాగానే ఉందిగా?"

"నా గొంతు ముదిరిందండీ."

డైరెక్టరు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు గోడమీది పోస్టరును అక్షరం అక్షరం చదువుతున్నాడు.

"ఏరా, అవునా కాదా?" అంది అక్క.

"అవునక్కా. కానీ..." అని వాడు అక్కడే తడబడ్డాడు.

"కానీ ఇంకా పనికొస్తుంది," అని ఆ మాట అక్కే అందుకుని పూర్తిచేసి, పని ఎప్పటి నుంచని డైరెక్టరును అడిగింది.