లక్క రంగు అంచు

చెంగయ్య పక్షవాతం వచ్చి పడి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి వచ్చాక మళ్లీ అంగడికి వచ్చాడు. సీతాలక్ష్మి ఆ రోజు రెండు కంప్యూటర్లకూ బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. తంగసాల వీధి పక్క సందులో మొగుడూ పెళ్లాలు ఏళ్ల తరబడి నడుపుతున్న పెళ్లిపత్రికల అంగడి అది. అక్షరాలు కూర్చడం వీళ్ల పని, అచ్చువేసేది వెనక వీధి ప్రెస్సు. ఆయనది పాత మాకింటోషు. ఆమెది ఆ ఏడే, తొంభై ఏడులో, కొన్న విండోస్ మిషను.

మధ్యాహ్నానికి చెంగయ్య కంప్యూటరు తెర మీద, ఒక్కో పత్రికా తెరుచుకునే కిటికీలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. తెరిచినవాడు తెరుస్తూనే ఉన్నాడు గాని ఒక్కటీ మూయలేదు.

"ఈ మిషను చెడిపోయినట్టుండాది సీతా. మూసే గడి కనబళ్లా."

ఆమె వచ్చి చూసింది. మాకింటోషులో ప్రతి కిటికీకీ నెత్తిన ఒక పట్టీ ఉంటుంది. దాని ఎడమ కొసన ఉండే చిన్న చదరాన్ని నొక్కితే కిటికీ మూసుకుంటుంది. ఆ చదరం దాని చోట అది ఉంది.

"ఇదో, ఈడ వుండాది గదండీ."

"యాడ?"

ఆమె వేలుపెట్టి చూపించింది. ఆయన ఆ వేలిని కూడా చూడలేదు.

ఆమె భయం పైకి తేలనీయకుండా ఆయన్ను తన మిషను ముందు కూర్చోబెట్టింది. విండోస్‌లో మూసే గుర్తు కుడి చివరన ఉంటుంది కాబట్టి అది దొరికింది. కాని పట్టీ మీద పత్రిక పేరు ఎడమ నుంచి మొదలవుతుంది. ఆయనకు ఆ పేరు తోక ఒక్కటే కనబడి, ఇంకెవరిదో పత్రిక తెరిచి అందులో వరుడి పేరు దిద్దబోయాడు.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కళ్లు బాగానే ఉన్నాయనీ, ఎడమ పక్క అనేది ఒకటుందని మెదడు మరిచిపోయిందనీ డాక్టరు చెప్పాడు. "ఎడమ అంచున కొట్టొచ్చినట్టు కనిపించే రంగేదైనా పెట్టండమ్మా. ఆ రంగు కనబడేదాకా తల తిప్పమనండి. మెల్లగా అలవాటవుతుంది."

ఆమె వెంటనే కంప్యూటరు అద్దానికి ఎడమ పక్క ఎర్ర టేపు అంటించింది. చెంగయ్య తల తిప్పి టేపు వరకూ చూసేవాడు. అయితే కిటికీలు తెర నడుమ ఎక్కడంటే అక్కడ తెరుచుకుంటాయి. టేపు నుంచి వెనక్కి వచ్చేసరికి కిటికీ అంచు మళ్లీ జారిపోయేది. రంగు ఉండాల్సింది అద్దం మీద కాదు, కిటికీ చట్రానికే అని ఆమెకు అర్థమై, చుట్టుపక్కల అంగళ్లలో కంప్యూటర్లు బాగుచేసే మోసెస్‌ను పిలిపించింది.

విండోస్‌లో అది చిన్న పనే. చట్రం ఎంత మందం, ఏ రంగు అని అడిగే పెట్టె అందులోనే ఉంది. సీతాలక్ష్మి లక్క రంగు ఎంచుకుంది. మాకింటోషు అంత సులువుగా లొంగలేదు. దాని బూడిద చట్రాన్ని మార్చాలంటే వేరే ప్రోగ్రాము కావాలి. మోసెస్ రెండు రోజులు తిరిగి, స్నేహితుడి దగ్గర ఫ్లాపీలో పట్టుకొచ్చాడు. అందులో చట్రాన్ని చుక్కచుక్కగా మనమే గీసుకోవచ్చు.

"అక్కా, అన్నకు కుడిపక్కే గదా తెలిసేది? ఆ మూసే గడిని కుడికి జరిపేస్తా. పేరు కూడా ఆడనే పెడతా. కష్టం వుండదు," అన్నాడు మోసెస్.

సీతాలక్ష్మి చాలాసేపు ఆలోచించింది. కుడికి జరిపితే రేపటి నుంచే ఆయన పని సాఫీగా సాగిపోతుంది. ఆ తర్వాత ఎడమవైపు తిరగాల్సిన పనే ఉండదు.

"వద్దు మోసెస్. గడి వుండే చోటే వుండనీ. ఆయనే ఆడికి పోవాల."

చట్రం తనే గీసింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఒక్కో చుక్కా పెడుతూ, మూలలు కుదరక చెరుపుతూ, నాలుగైదు రోజులు కూర్చుంది.

చెంగయ్యకు అది చూసి మండుకొచ్చింది.

"ఏందే ఇది? పిలకాయల బొమ్మల పుస్తకం మాదిరి! వచ్చేపోయేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు నన్ను?"

సీతాలక్ష్మి తన మిషను తెరను ఆయన వైపు తిప్పింది. అందులోనూ అదే లక్క రంగు, అదే మందం.

"మన అంగట్లో కిటికీలన్నీ ఇట్లనే. ఎవురన్నా అడిగితే ఫ్యాషనని చెప్తాం."

ఆయన ఆ తెరనూ ఈ తెరనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "మూలలు బాగా తీసినావు," అన్నాడు.

ఆ తర్వాత ప్రతి పంక్తికీ ముందు ఆమె "అంచు దొరికిందా?" అని అడిగేది. "దొరికింది" అని ఆయన అనేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. తనలో తాను "అంచు... అంచు..." అని గొణుక్కుంటూ ఆయనే తల తిప్పుకునేవాడు. పూర్తిగా బాగుపడ్డాడని చెప్పలేం. సైకిల్ రిక్షాలు ఒరుసుకుపోయే ఆ సందులో ఆమె ఇప్పటికీ ఆయన ఎడమ చెయ్యి పట్టుకునే నడిపిస్తుంది. పనిలో మాత్రం ఒకరి పత్రిక ఇంకొకరి పత్రికలో కలవలేదు. మోసెస్ చెల్లెలు కలైసెల్వి పెళ్లికి పత్రిక మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఆయనొక్కడే కూర్చాడు.

ఆ పెళ్లయిన వారంలోనే, ఒక పొద్దున సీతాలక్ష్మి తన మిషను తెరిచి ఆశ్చర్యపోయింది. నెత్తిపట్టీ వెడల్పయింది. అందులో అక్షరాలు రెండింతలై, వెనక్కి ఆనుకుని కూర్చున్నా చదవగలిగేటంత ఉన్నాయి.

"మోసెస్ వచ్చినాడా?"

"రాలేదే," అన్నాడు చెంగయ్య తన తెర మీంచి చూపు తిప్పకుండా.

"మరి దీన్ని ఎవురు మార్చినారు?"

"నువ్వు పేరు చదవాల్నంటే మెడ ముందుకు చాపతా వుండావు. రాత్రయితే మెడనొప్పని నూనె రుద్దుకుంటావు. కళ్లద్దాలు తెచ్చుకోమంటే వినవు." ఆయన ఎడమకు తల తిప్పి ఒక కిటికీ మూశాడు. "మార్చే పెట్టె ఎతకటానికే పొద్దు పోయింది. అన్నీ ఎడంపక్కే పెట్టినారు పాపాత్ములు."

సీతాలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లు మసకబారి, అంత పెద్ద అక్షరాలూ అలుక్కుపోయాయి. కొంగుతో తుడుచుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"చాలా, ఇంకొంచెం పెంచాల్నా?" అని అడిగాడు చెంగయ్య.

"చాలు," అంది ఆమె.