జానకిరామయ్య గారి కార్డు

ఆదాం తేదీ ముద్రలోని రబ్బరు పట్టీని గుండుసూదితో ఒక అంకె ముందుకు జరిపి, చిత్తుకాగితం మీద రెండుసార్లు గుద్ది చూసుకున్నాడు. మే తొమ్మిది, 2003. పుస్తకాలు ఇచ్చే రిజిస్టరు కోసం చెయ్యి చాపితే అది అప్పటికే శ్రీరమ్య ముందుంది.

నాలుగు రోజులుగా ఇదే వరస. ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం పిల్ల. గ్రంథాలయ కమిటీ సెక్రటరీ దగ్గర చీటీ తెచ్చుకుంది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పద్ధతిని కంప్యూటర్‌లో రాస్తుందట, అదే ప్రాజెక్టట. గుంటూరులో ఇన్ని ఆఫీసులుండగా బ్రాడీపేట సందులో ఒక పొగాకు వ్యాపారి పెట్టిన ఈ ఏడు బీరువాల గ్రంథాలయమే ఎందుకు కావాల్సి వచ్చిందో ఆదాంకి అంతుపట్టలేదు. అతనికి యాభై ఆరేళ్ళు. బక్క మనిషి. కుడి బొటనవేలి గోరు ముద్ర సిరాకి ఎప్పుడో ఊదారంగు తిరిగిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా అటెండరు, లైబ్రేరియను రెండూ తనే. అతన్ని ఎవరూ ఏ ప్రశ్నా అడిగి ఎరగరు.

"అందరూ విజువల్ బేసిక్‌లో చేస్తున్నారండీ. నేను హాస్కెల్ అని వేరే కంప్యూటర్ భాషలో చేస్తున్నా" అంది శ్రీరమ్య. "ఇందులో ఒకసారి రాసింది చెరపం. పుస్తకం ఇస్తే పాత జాబితా పాతదిగానే ఉంటుంది, ఇచ్చినట్టుగా కొత్త జాబితా ఒకటి తయారవుతుంది."

"అంటే నాలుగేళ్ళ కిందటిదీ కనపడుతుందా?"

"అన్నీ కనపడతాయి. పాత జాబితా, సభ్యుడి పేరు, పుస్తకం. ఈ మూడూ ఇస్తే ప్రోగ్రాం కొత్త జాబితా ఇస్తుంది. లేదంటే కుదరదని చెబుతుంది."

"కుదరదని ఎవరికి చెబుతుంది?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆదాంకి నచ్చలేదు. పన్నెండు గంటలకు రాసుకున్న కాగితాలు సంచిలో వేసుకుంటూ అంది, "జానకిరామయ్య గారని ఒకాయన దగ్గర ప్రోగ్రాం ఒప్పుకోవడం లేదండీ. నాలుగింటికి ప్రింట్ తెస్తాను, మీతో మాట్లాడాలి."

ఆమె వెళ్ళాక ఆదాం క్యారేజీ విప్పలేదు. సెక్రటరీయే పంపి ఉంటాడు. చదువుకున్న పిల్ల నాలుగు రోజులు చెమటలు కక్కుతూ ఈ రిజిస్టర్ల ముందు ఊరికే కూర్చుంటుందా?

జానకిరామయ్య రిటైరైన మాస్టారు. 1999లో పోయారు. సభ్యుల పుస్తకంలో ఆ సంగతి ఎర్రసిరాతో రాసింది ఆదామే. ఆయన కార్డు మాత్రం సొరుగులో ఉండిపోయింది. ఆ తర్వాతి జనవరిలో మిరప యార్డులో కాయల తొడిమలు తీసే చాంద్‌బీ మంచినీళ్ళ కోసం వచ్చి, గేటు దగ్గరే నిలబడి పేపరు మొత్తం చదివింది. ఒక పుస్తకం ఇవ్వమని అడిగింది. గుంటూరులో సొంత ఇల్లున్నవాళ్ళు హామీ సంతకం పెడితే తప్ప కార్డు ఇవ్వరు. షెడ్డులో పడుకునే మనిషికి ఎవరు పెడతారు? ఆదాం సొరుగు లాగి ఆ పాత కార్డు తీశాడు. అప్పటినుంచి ఏటా మిరప రోజుల్లో జానకిరామయ్య గారు వారానికో నవల చదువుతూనే ఉన్నారు.

రెండున్నరకి చాంద్‌బీ వచ్చింది. తుమ్ముతూ వరండా బల్ల మీద కూర్చుని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుని, అలవాటు ప్రకారం తెచ్చిన నవల చివరి పేజీలు తెరిచింది. ఆదాం గబగబా బయటికొచ్చి పుస్తకం ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు.

"ఇంక రాకు, చాంద్‌బీ."

"నాలుగు పేజీలే ఉన్నాయి, ఆదాం గారూ. నేను కూడా మీతో..."

"ఏమీ చెప్పొద్దు. ఎవరైనా అడిగితే నేనెవరో నీకు తెలియదు. వెళ్ళు."

చాంద్‌బీ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది. ఎవరైనా చూశారేమోనని ఆదాం వీధి రెండువైపులా చూశాడు.

నాలుగింటికి శ్రీరమ్య వచ్చింది. పొడవాటి కాగితం బల్ల మీద పరిచింది. అరవై ఒక్క వరసలు, ప్రతిదాని పక్కనా కుదరదని ఉంది.

"ఈయన పోయారని మీరే రాశారు కదండీ. ఆ తర్వాత కూడా పుస్తకాలు వెళ్ళాయి. అంటే ఇంట్లోవాళ్ళు ఆ కార్డు వాడుకోవచ్చన్నమాట. ఆ రూలు నేను రాయడం మర్చిపోయాను. అంతేనా?"

ఆదాం ఆ వరసల మీద వేలు పెట్టి కిందిదాకా జరిపాడు.

"సెక్రటరీ గారు అడిగారా ఇది?"

"ఆయనా? చీటీ ఇచ్చిన రోజు తప్ప ఆయన్ని మళ్ళీ చూడలేదండీ. మా ఇంటికి దగ్గరని ఇక్కడ చేసుకుంటున్నా, అంతే."

"అంతేనమ్మా" అన్నాడు ఆదాం. "ఇంట్లోవాళ్ళు వాడుకోవచ్చు."

ఆమె పెన్సిల్‌తో ఒక వాక్యం రాసుకుని, కాగితం మడిచి, థాంక్సండీ అని వెళ్ళిపోయింది.

ఆదాం ఆ నవల చంకన పెట్టుకుని, తలుపులు దగ్గరగా వేసి, మిరప యార్డు వైపు సైకిలు తొక్కాడు. షెడ్డు ఖాళీగా ఉంది. కాపలా బుల్లయ్య గోనెసంచులు దులుపుతున్నాడు.

"యార్డుకి వేసవి సెలవులిచ్చారుగా. కూలీలంతా మూడింటికే లారీ ఎక్కేశారు."

"చాంద్‌బీ?"

"వాళ్ళ ఊరు సింగరాయకొండ వెళ్ళిపోయింది. చూపు ఆనట్లేదంట, ఇంక పనికి రానంది. మీకు చెప్పి వస్తానని పొద్దున్నించీ ఒకటే గోల. చెప్పలేదా?"

ఆదాం సైకిలు వెనక్కి తిప్పాడు. చీకటి పడకముందే తిరిగొచ్చాడు. నవలని బీరువాలో దాని చోట పెట్టాడు. తాళం వెయ్యడానికి వరండాలోకి వచ్చాడు.

చాంద్‌బీ కూర్చున్న చోట, బల్ల మీద, ఆమె కళ్ళజోడు ఉంది. విరిగిన కాడకి గోనెలు కుట్టే పురికొస చుట్టి ఉంది, ఆ ముడిలో ఎర్రటి దుమ్ము.