నడుముకు కట్టుకున్న నీళ్ళు

చుట్టూ నీళ్ళే ఉన్న చోటికి పోతూ నడుముకు మళ్ళీ నీళ్ళు కట్టుకుపోవడం ఏమిటో క్రేనక్కకు ఒక పట్టాన అంతుబట్టలేదు. ఆవిడకే కాదు, లారీల మెకానిక్కు అయిన ఆవిడ మొగుడికీ అంతుబట్టలేదు. పొద్దున్నే వంటింట్లో పంపు కింద పెట్టి ఆ నడుముసంచిలోని ప్లాస్టిక్ తిత్తిని నింపుతూ, దానికున్న గొట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏమే, నువ్వు పోయేది నీళ్ళలోకా, ఎడారిలోకా?"

"నన్నడుగుతారేం? మీ చెల్లెలి రూలు. ఇది నడుముకి లేకపోతే బోర్డు మీద కాలు పెట్టనివ్వదట."

"దానికి చిన్నప్పట్నుంచీ రూళ్ళ పిచ్చే. దాగుడుమూతలాడాలన్నా ముందు అందర్నీ వరసలో నిలబెట్టి రూళ్ళు చెప్పేది. అవి చెప్పడం అయ్యేసరికి చీకటి పడేది. ఆటా లేదు, పాడూ లేదు."

నవ్వుతూనే సంచి జిప్పు లాగి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ రోజు ఆవిడకు నవ్వులాట కాదు.

క్రేనక్క అన్నది పని తెచ్చిపెట్టిన పేరు. పెద్ద పెద్ద మేడలు కట్టేచోట, ఆ మేడలకన్నా ఎత్తున, కాళ్ళు చాపుకోవడానికైనా చాలని అద్దాల గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి ఇనుమూ సిమెంటూ పైకెత్తి దించిన మనిషి. నేల మీద నిలబడి చేతిలో పెట్టె పట్టుకుని మీటలు నొక్కితే పనిచేసే క్రేన్లు వచ్చాక, కంపెనీ ఆవిడను ఇంక దిగమంది. దిగి ఇంట్లో కూర్చుంది. కూర్చుని ఊరుకుందా? కిటికీలోంచి రోడ్డు మీద కార్లు వెనక్కి తీసుకునేవాళ్ళకి చేతులాడిస్తూ "ఎడమకి, ఇంకాస్త ఎడమకి, ఆఁ చాలు" అంటోందని మొగుడు చెల్లెలికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు.

ఆ చెల్లెలు సరస్సు ఒడ్డున తెడ్డు బోర్డులు అద్దెకిస్తుంది. మనిషి నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పొడవాటి బోర్డులు. ఆడవాళ్ళు చాలామంది సరదాపడుతున్నారు గానీ, వెంట ఆడమనిషి ఉంటేనే వస్తామంటున్నారు. వదినను పిలిపించి ఒకసారి ఎక్కించి చూసింది. ఎత్తున గాలికి ఊగే గదిలో బతికిన మనిషికి బోర్డు ఊగడం ఒక లెక్కా? వంటింట్లో నిలబడ్డట్టు నిలబడింది. ఇంక మిగిలింది ఒకటే పరీక్ష. ఒక కస్టమర్ని వెంటేసుకుని తుంగ దిబ్బ దాకా పోయి తిరిగి రావాలి. వస్తే సోమవారం ఆడవాళ్ళ బ్యాచ్ క్రేనక్కదే. ఆ పని తనకెంత కావాలో ఆవిడ మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే కాకుండా పోతుందేమోనని భయం.

షెడ్డు నిండా తడి రబ్బరు వాసన. గోడకు కొక్కేలకు లైఫ్ జాకెట్లు తలలు లేని మనుషుల్లా వేలాడుతున్నాయి. ఆ రోజు కస్టమర్ ఒక లెక్కల టీచరు. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. ఆవిడ కూడా తన నడుముసంచిని అనుమానంగా చూసుకుంటోంది.

"ఇదెందుకమ్మా? సీసా ఉందిగా, బోర్డు ముందున్న తాళ్ళ కింద దోపుకుంటాను" అంది టీచరు.

"దోపుకుంటారు మేడం. వంగి తీసుకోరు. వంగితే పడతామని భయం. సీసా పోయినట్టే పోయి నిండుగా తిరిగొస్తుంది" అంది ఆడపడుచు. "నీళ్ళ మీద గాలి చల్లగా తగుల్తుంది, చెమట పట్టినట్టే తెలీదు. లోపల మనిషి ఎండిపోతూనే ఉంటాడు. పోయిన వేసవిలో ఒకావిడ రేవుకొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, 'ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏం చేస్తున్నావు?' అంది. అప్పట్నుంచీ ఇది నడుముకే. గొట్టం భుజం మీదుగా నోటి దగ్గరికొస్తుంది. పళ్ళతో కాస్త కొరికితే నీళ్ళొస్తాయి. నేను ఈల వేసినప్పుడల్లా తలా రెండు గుక్కలు." వదిన వైపు తిరిగింది. "వదినా, ముందుండేది నువ్వు. నువ్వు తాగితే వాళ్ళు తాగుతారు. తిరిగొచ్చేసరికి తిత్తి ఖాళీ అయుండాలి."

"అలాగేలే చిట్టీ" అంది క్రేనక్క. అన్నంత తేలిక కాదని ఆవిడకు తెలుసు.

బయల్దేరారు. ముందు క్రేనక్క, మధ్యలో టీచరు, వెనకాల ఆడపడుచు. ఒడ్డు దాటాక మొదటి ఈల వినబడింది. క్రేనక్క గొట్టం నోట్లో పెట్టుకుంది. బుగ్గలు ఊదింది. గొంతు కదిలించింది. కొరకలేదు. వెనక నుంచి చూసేవాళ్ళకి సుబ్బరంగా తాగినట్టే ఉంటుంది.

ఎందుకు తాగలేదంటే, ఒంటికి పోవాలని ఆ అద్దాల గదిలోంచి ఇనప నిచ్చెన మీద కిందికి దిగి మళ్ళీ ఎక్కాలంటే కిందవాళ్ళ పనంతా ఆగిపోతుంది. మగ ఆపరేటర్లు ఒక ఖాళీ డబ్బా పెట్టుకుని గడుపుకునేవాళ్ళు. ఆడదానికి ఆ దారీ లేదు. అందుకని పొద్దున లేచిందగ్గర్నుంచి పని దిగేదాకా చుక్క నీళ్ళు ముట్టకుండా ఉండడం నేర్చుకుంది. మొదట్లో నాలుక పిడచ కట్టుకుపోయేది. తర్వాత్తర్వాత అదీ పోయింది. పిలిచినా పలకని ఇంటికి చుట్టాలు రావడం మానేసినట్టు, దాహం ఆవిడ దగ్గరికి రావడమే మానేసింది. ఇప్పుడు ఈ సరస్సు మధ్యన మాత్రం బాత్రూం ఎక్కడుంది, తలుపెక్కడుంది? తాగి, ఆ తర్వాత? పరీక్షలో ఉన్న మనిషి 'కాస్త ఆగండి, ఒడ్డుకెళ్ళొస్తా' అంటుందా?

తుంగ దిబ్బ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. టీచరు "నేను కాస్త చల్లబడతానమ్మా" అని బోర్డు పట్టుకుని జారి, మెడ దాకా నీళ్ళలో దిగింది. కాసేపు ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయి, ఆపసోపాలు పడుతూ మళ్ళీ ఎక్కింది. తర్వాత ఆడపడుచు కూడా "నేనూ చల్లబడతా" అని దిగింది. చెమటే పట్టని వాళ్ళకి ఈ చల్లబడడం ఏమిటో క్రేనక్కకు బోధపడలేదు. అడగబోయింది గానీ, ఏం అడగాలనుకుందో అంతలోనే మర్చిపోయింది.

తిరుగు దారి పట్టారు. గొడవంతా అక్కడ మొదలైంది.

పైనుంచి చూసినన్నాళ్ళూ ఆవిడకు లోకమంతా పరిచిన చాపలా కనబడేది. ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. ఇప్పుడు నీళ్ళ మట్టానికి వచ్చేసరికి అన్నీ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి కనబడుతున్నాయి. ఒడ్డున నీళ్ళ ట్యాంకు ఒకటుండాలి. పోయేటప్పుడు అది ఎడమ వైపుంది. అంటే వచ్చేటప్పుడు ఎక్కడుండాలి? కుడి వైపా? తను తిరిగింది కాబట్టి కుడి వైపా, ట్యాంకు తిరగలేదు కాబట్టి ఎడమేనా? చూద్దామంటే ట్యాంకులు రెండున్నాయి. రెప్ప వేసి చూస్తే ఒకటుంది. ఇంకోసారి వేస్తే అదీ లేదు. నీళ్ళ మీద ఎండ తళుక్కు తళుక్కుమని కళ్ళలో పొడుస్తోంది. తల లోపల ఎవరో పాత ఇనుము దొర్లిస్తున్నట్టుంది.

క్రేనక్క ధీమాగా ఎడమకు తెడ్డు వేసింది. తెలియనప్పుడు ధీమాగా ఉండడం పనిలో నేర్చుకున్నదే.

"ఏమ్మా, మనం వచ్చిన రేవు అటు కదూ?" టీచరు అరిచింది.

"మీరు నా వెనకాల రండి టీచరుగారూ. దారి నాకు తెలుసు."

"తెలిస్తే సరే. నాకైతే రేవు వెనక్కి పోతున్నట్టుంది."

వెనక ఈల వినబడింది. క్రేనక్క గొట్టం నోట్లో పెట్టుకోబోయి చెవి దగ్గర పెట్టుకుంది. అందులోంచి ఎవరూ మాట్లాడకపోతే వదిలేసింది.

ఆవిడ చెయ్యెత్తి, చూపుడువేలు ఆకాశానికి పెట్టి గుండ్రంగా తిప్పింది. కట్టడాల దగ్గర ఆ సైగకు అర్థం ఒకటే, బరువు పైకెత్తమని. టీచరుకు ఆ సంగతి ఏం తెలుసు? చుట్టూ తిరగమంటోంది కాబోలనుకుని తెడ్డు వేసుకుంటూ ఉన్నచోటే ఒక చుట్టు తిరిగింది. వేలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంకో చుట్టు తిరిగింది.

"ఇంకా ఎన్ని చుట్లమ్మా? నాకు కళ్ళు తిరుగుతున్నాయి!"

"కింద ఎవరది? తప్పుకోండి, బరువొస్తోంది!" అని క్రేనక్క కేకేసింది.

టీచరు తల పైకెత్తి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా తల కాస్త వంచుకునే ఉంది.

వదిన ఏం చేస్తుందో చూద్దామని ఆడపడుచు అంతసేపూ కావాలనే నోరు మూసుకుని వెనకాల వస్తోంది. ఇంక ఆగలేక జోరుగా తెడ్డు వేసుకుంటూ వచ్చి, వదిన బోర్డు అంచు పట్టేసుకుంది.

"కూర్చో వదినా. ముందు కూర్చో."

"ఎందుకే? షిఫ్టు అయిపోయిందా?"

"అయిపోయింది. కూర్చో."

క్రేనక్క బుద్ధిగా కూర్చుంది. ఆడపడుచు చెయ్యి చాచి వదిన నడుముసంచిని పిసికి చూసింది. వంటింట్లో నింపినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది, గుమ్మడికాయలా.

"చుక్క తాగలేదా నువ్వు? అన్నిసార్లు గొట్టం నోట్లో పెట్టుకున్నావే!"

"పెట్టుకున్నాను" అంది క్రేనక్క. అందులో తప్పేమిటో ఆవిడకు అర్థం కాలేదు.

"పెట్టుకుని ఏం చేశావు?"

"పెట్టుకున్నాను. అంతే."

"కొరుకు. ఇప్పుడు, నా ముందు. కొరికి మింగు. మేడం, మీరు అటు పక్కన పట్టుకోండి, పడిపోతుంది."

క్రేనక్క కొరికింది. ఎండకు వేడెక్కి, ప్లాస్టిక్ రుచితో నీళ్ళు నోట్లోకొచ్చాయి. మింగింది. ఆగి మళ్ళీ మింగింది. మూడు బోర్డులూ ఒకదానికొకటి ఆనుకుని సరస్సు మధ్యన మెల్లగా తిరుగుతున్నాయి. ఎవరూ ఎటూ పోవడం లేదు. తిత్తి సగమయ్యేసరికి ఒక ట్యాంకు పోయి ఒక ట్యాంకు మిగిలింది. అది ఆవిడ వీపు వైపుంది.

"నేను టీచరుగార్ని ఎటో తీసుకుపోతున్నానా?" అంది నీరసంగా.

"ఎటో కాదు, అవతలి ఊరికి. ఇంకాసేపుంటే అక్కడ బస్సెక్కించేదానివి" అంది ఆడపడుచు. గొంతులో కోపం ఉంది గానీ చెయ్యి మాత్రం వదిన వీపు మీద ఉంది. "ఎందుకు తాగలేదు? నిజం చెప్పు."

క్రేనక్క టీచరు వైపు చూసి, సిగ్గుపడి, గొంతు తగ్గించి చెప్పింది. అద్దాల గది సంగతి, నిచ్చెన సంగతి. ఇక్కడ చాటన్నదే లేదన్న సంగతి.

విన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు టీచరు పక్కున నవ్వింది. బోర్డు ఊగేంత నవ్వు.

"ఇందాక నేను నీళ్ళలోకి దిగింది ఎందుకనుకున్నావమ్మా?"

"చల్లబడ్డానికని..."

"అదే, చల్లబడ్డానికే" అంది టీచరు.

క్రేనక్క నోరెళ్ళబెట్టింది. ఆడపడుచు వైపు తిరిగింది. "నువ్వూనా చిట్టీ?"

"మరి? ఇక్కడ అందరిదీ అదే దారి వదినా. ఎవరూ చెప్పుకోరు, ఎవరూ చూడరు."

"ఎన్ని రూళ్ళు చెప్పావు! కాలికి తాడు కట్టుకో అన్నావు, మోకాలు వంచి నిలబడమన్నావు. ఈ ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదా?"

"అది ఎవరైనా అడిగితే కదా చెప్పేది" అని సణిగింది ఆడపడుచు.

అప్పటికి తాగిన నీళ్ళు వాటి పని మొదలుపెట్టాయి. క్రేనక్క బోర్డు పట్టుకుని మెల్లగా జారి మెడ దాకా దిగింది. మిగిలిన ఇద్దరూ మొహాలు అటు తిప్పుకుని, ఉన్నట్టుండి పిల్లల పరీక్షల గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలయిపోయాయి. కరెంటు కోతల గురించి మాట్లాడారు. అదీ అయిపోయింది.

"అయిందా వదినా?"

"ఉండవే. రానంటోంది." ఏళ్ళ తరబడి వద్దు వద్దని బిగబట్టిన ఒళ్ళు, ఇప్పుడు సరేనంటే నమ్మడం లేదు.

"ఏదో ఒకటి ఆలోచించు."

"ఆలోచిస్తే అసలు రాదు. మీరు మాట్లాడుకోండి."

వాళ్ళు బంగాళాదుంపలు ఎన్నాళ్ళు నిలవ ఉంటాయన్న సంగతి దాకా వచ్చారు. అప్పుడు నీళ్ళలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వినబడింది. టీచరు చప్పట్లు కొట్టబోయి, తెడ్డు జారిపోతుందని ఆగింది.

క్రేనక్క ఎక్కి కూర్చుంది. తల విదిలించుకుంది. తర్వాత అసలు మాట అడిగింది.

"సోమవారం బ్యాచ్ సంగతి?"

ఆడపడుచు వదిన మొహంలోకి చూడకుండా నీళ్ళకేసి చూస్తూ అంది: "సోమవారం ముందు నేనుంటాను వదినా. నువ్వు వెనకాల రా. పని నీదే, కానీ ముందు ఉండడం ఇప్పుడే కాదు."

"ఎన్నాళ్ళు?"

"నా ఈల కోసం చూడకుండా, నీ అంతట నీకు దాహం వేసేదాకా."

సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలియక క్రేనక్క తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొంతులో ఏదో ఉంది. అది దాహమా, ఎండా, ఇందాక మింగిన ప్లాస్టిక్ రుచా? ఎంత వెతుక్కున్నా తేలలేదు.

"టీచరుగారూ, దాహం వేస్తే ఎలా ఉంటుందండీ?"

పిల్లలకు ఏది అడిగినా చెప్పే టీచరు నోరు తెరిచింది. గొంతు తడుముకుంది. ఆలోచించి, ఆలోచించి, నోరు మూసింది.

"ఏమోనమ్మా" అంది చివరికి. "నేను బడిలో బెల్లు కొడితేనే తాగుతాను."