ఘటం దించి చెప్పిన మాట

వీరరాఘవులుగారికి వాక్ స్వాతంత్ర్యమంటే పంచప్రాణాలు. హిందీ మాట్లాడే ఊళ్లో, కర్మాగారంలో మేనేజరుగా రిటైరై అక్కడే సిద్ధగోరా పేటలో స్థిరపడ్డాక ఆయన ఆ ఊరి తెలుగు సంఘానికి అధ్యక్షుడయ్యారు, దాని వాట్సాప్ గ్రూపుకి అడ్మినూ అయ్యారు. రోజూ పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా, "మాట్లాడే హక్కు మనిషికి ఊపిరి" అంటూ గ్రూపులో సుద్దుల మూట విప్పేవారు. ఎవరి ఊపిరన్నది మాత్రం చెప్పేవారు కాదు.

అదే ఊళ్లో భుయ్యాడీహ్ బస్తీలో ఉండే కస్తూరమ్మ ఆ సుద్దుల్ని నమ్మింది. ఆమె చేసిన తప్పు అదే. కూతురు బిందుప్రియ మొగుడి దెబ్బలు తాళలేక ఇంటికొచ్చేసింది. అల్లుడి వాళ్లదీ సంఘంలో ఉన్న కుటుంబమే కనుక, పెద్దమనిషి గుట్టుగా ఒక మాట చెబితే దారికొస్తారని ఆశపడింది. రాయడం రాదు కాబట్టి గొంతు రికార్డు చేసి ఆయనొక్కరికే పంపింది. "బాబుగారూ, మీకొక్కరికే సెప్తన్నాను, ఎవులికీ తెలీనియ్యకండి" అని మొదట్లోనూ అంది, చివర్లోనూ అంది.

ఆ మహానుభావుడు వినీ వినగానే దాన్ని గ్రూపులో పడేశారు. కింద "మన సమాజం ఆలోచించాలి" అని ఒక ముక్క, చేతులు జోడించిన బొమ్మ ఒకటి. మధ్యాహ్నానికల్లా భాలుబాసా నుంచి భుయ్యాడీహ్ దాకా ప్రతి తెలుగు వంటింట్లోనూ కస్తూరమ్మ ఏడుపు మోగింది. బిందుప్రియ కుట్టుపనికి వెళ్లడం మానేసి గదిలో తలుపేసుకుంది. "బయటికి రాయే తల్లీ" అని కస్తూరమ్మ బతిమాలితే, "రహనే దో, మా. సబ్ నే సున్ లియా" అంది లోపలినుంచి, వదిలెయ్యమ్మా, అందరూ వినేశారని.

కస్తూరమ్మకు ఒళ్లు మండిపోయింది. "అది తీసీండి బాబుగారూ. తప్పయిందని సెప్పండి" అని మళ్లీ గొంతుతోనే గ్రూపులో అడిగింది. "సమాచారం పంచుకోవడం నా హక్కు" అని జవాబొచ్చింది. ఆ వెంటనే, ఇకమీదట అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడకుండా గ్రూపుకి తాళం పడింది. ఊపిరి ఎవరిదో అందరికీ అప్పుడు తెలిసింది.

అంతలో నూకాలమ్మ పండగ వచ్చింది. ఏటా అమ్మవారి ఘటం నెత్తికెత్తుకునేది కస్తూరమ్మే. ఘటం మోసే మనిషికి పూనకం వస్తే అమ్మవారు పలికినట్టే. ఆ వేళ ఎంతటివాణ్ణి ఏమన్నా అడ్డు చెప్పేవాడుండడు. ఊరేగింపు ముందు మైకు పట్టుకుని నడిచేది మాత్రం అధ్యక్షులవారు.

తన ఇంటి ముందుకు రాగానే కస్తూరమ్మ ఆగిపోయింది. డప్పులు జోరందుకున్నాయి. జనం ఫోన్లు పైకెత్తారు. రాఘవులుగారు నిమ్మకాయ పట్టుకుని వంగి, భయభక్తులు ఒలకబోస్తూ, "ఏమి ఆజ్ఞ తల్లీ?" అన్నారు మైకులో.

కస్తూరమ్మ ఘటాన్ని దించి పక్కింటి సోనీ నెత్తిన పెట్టింది.

"అమ్మోరు కాదు బాబుగారూ. అమ్మోరి సాటున దాక్కుని మాటాడే కరమ నాకేటి? నాను కస్తూరమ్మనే. నా కూతురి మాట ఈదిలో ఎత్తను, అది దాని సొంతం. మీ మాటే ఎత్తుతాను. సెవిలో సెప్పిన మాట తీసుకెళ్లి సంతలో పెట్టినారు. ఏటిదని అడిగితే నా నోరు మూసీసినారు. ఏ సదువు నేర్పింది బాబూ మీకిది?"

డప్పులు ఆగిపోయాయి. రాఘవులుగారి మొహం కందగడ్డయింది. ఎటు చూసినా ఫోన్లే. "వీడియోలు ఆపండి! మనిషికి ప్రైవసీ అంటూ ఉండదా?" అని మైకులో అరిచారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"దించీండర్రా ఫోన్లు" అంది కస్తూరమ్మ. "ఆయనలాటోలం మనం అవ్వొద్దు. సెవులతో ఇనండి సాలు."

ఒక్కొక్క ఫోనే కిందికి దిగింది. రాఘవులుగారు మైకు ఆపి, దగ్గరికొచ్చి, ఆమె చెవి దగ్గర వంగి, "తీసేస్తానమ్మా, తప్పయిపోయింది" అని గొణిగారు.

కస్తూరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

"నా సెవిలో కాదు బాబుగారూ, మైకులో సెప్పండి. తలుపెనకాల నా కూతురు ఇంటంది."