పాఠాలు చెప్పే భార్య

"కూర్చున్నందుకు కూడా జీతమిస్తారటే!" అన్నాడు భర్త. ఆమె అప్పుడు పొయ్యి ముందు నిలబడి, ఒకరికి నచ్చింది ఇంకొకరికి గిట్టని ఆ ఇంట్లో అందరికీ తలో రకం క్యారేజీ సర్దుతోంది. అత్తగారు లోపల్నించి అందుకుంది. "ఇంట్లో కూర్చునే తీరిక లేదంటుంది, అక్కడికి పోయి మాత్రం కూర్చుంటుంది. విడ్డూరం కాకపోతే!"

కూర్చోవడమే ఆ ఉద్యోగం, అందులో అబద్ధమేముంది? నలభైకి దగ్గరపడుతూ యూనివర్సిటీలో చిత్రకళ చదవడానికి చేరిన మనిషికి, చదువుకునేవాళ్ళకే ఇచ్చే ఆ చిన్న పని దొరికింది. క్లాసులు లేని మధ్యాహ్నాలు అక్కడి గ్యాలరీలో మెడలో కార్డు వేసుకుని, మూల స్టూలు మీద కూర్చోవాలి. వచ్చినవాళ్ళు బొమ్మల మీద చేతులు వెయ్యకుండా చూడాలి, అడిగితే నాలుగు ముక్కలు చెప్పాలి. తోటి అటెండెంట్లంతా ఆమె కూతురి ఈడు పిల్లలు. వాళ్ళు కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చుంటారు. ఈమె మాత్రం ఎవరు లోపలికొచ్చినా దిగ్గున లేచి నిలబడుతుంది. "ఆంటీ, మీరలా లేస్తే వాళ్ళు బొమ్మలు మానేసి మిమ్మల్ని చూస్తున్నారు" అని పిల్లలు నవ్వితే సిగ్గుతో చచ్చిపోతుంది. ఇన్నేళ్ళ కాపురం మోకాళ్ళలోకి దిగిపోయింది మరి, ఏం చేస్తుంది?

అసలు తంటా వేరే వచ్చిపడింది. భర్త ఆఫీసులో పెద్దసారుకి బొమ్మల పిచ్చి. అది కనిపెట్టి ఈయన, "మా ఆవిడ యూనివర్సిటీలో లెక్చరరండీ, బొమ్మలు వెయ్యడం నేర్పుతుంది" అని కోసేశాడు. కోతలకి ఖర్చేముంది! ఇప్పుడా పెద్దసారు భార్యతో సహా గ్యాలరీ చూస్తానన్నాడు, ఈయన్ని వెంటబెట్టుకుని. "ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో పడుండు" అన్నాడు భర్త. ఆమె అడిగింది. మిగతా పిల్లలకి పరీక్షలు, కుదరదంది గ్యాలరీ మేనేజరమ్మ. ఆ మాట చెప్పేసరికి ఆయన కాసేపు కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి తీర్పు చెప్పాడు. "సరే. అక్కడ నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. నా పరువు తియ్యకు."

"సరేనండీ" అంది ఆమె. అని, గిన్నెలు తోముతుంటే తన మీద తనకే రోత పుట్టింది. ఇంటెడు చాకిరీ చేసుకుంటూ సంపాదించుకున్న చదువు, దొంగసొత్తులా దాచుకోవాల్సిందా? దాస్తానని తనే ఒప్పుకుందే! ఆయన అడిగాడు సరే, తన నోటికేమొచ్చింది?

మర్నాడు ముగ్గురూ వచ్చారు. ఆమె అలవాటుగా లేచి నిలబడింది. భర్త ఆమె కార్డు చూశాడు, ముఖం చూడలేదు.

"ఏమండీ, మంచినీళ్ళెక్కడుంటాయో కాస్త చెబుతారా?"

పెళ్ళయిన నాటినుంచీ 'ఏమే', 'ఏయ్', 'నిన్నే' తప్ప ఎరగని నోరు ఆయనది. పరాయిదైతే తప్ప తనకొక 'అండీ' దక్కలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆ మాట చెవినపడగానే ఆమె ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంకొక్కసారి అంటే బాగుండుననిపించింది. ఛీ, ఎంత కరువులో ఉన్నానే తల్లీ అనుకుంది. "ఆ తలుపు పక్కనండీ" అని చూపించింది.

పెద్దసారు బొమ్మల్లో మునిగిపోయాడు. ఆయన భార్య, "మీ ఆవిడ ఇక్కడే కదండీ పాఠాలు చెప్పేది? పిలవండి, చూద్దాం" అంది.

"ఊళ్ళో లేదండీ, సెమినారుకెళ్ళింది. ఆవిడకి క్షణం తీరదు" అనేసి, భర్త దూరంగా ఉన్న గోడవైపు జారుకున్నాడు. ఆమె తల దించుకుంది. ఎక్కడా లేని ఆ లెక్చరరమ్మ మీద ఆమెకి కడుపుమంట పుట్టింది. ఆవిడ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఎంత గర్వం! ఆవిడకి తీరిక లేకపోవడం కూడా గొప్పే.

ఏమీ తోచక పెద్దసారు భార్య ఆమె దగ్గరికొచ్చింది. "ఈ చెట్ల మధ్య ఎర్రగా ఏదో మరకలా ఉందేమిటండీ?"

"మరక కాదండీ. ముందు అక్కడొక మనిషిని వేసి, తర్వాత నచ్చక చెట్లతో కప్పేశారు. కిందున్న ఎరుపు మెల్లగా పైకొస్తోంది. ఇటు పక్కనుంచి చూడండి, భుజం తెలుస్తుంది."

పెద్దసారు కూడా వెనక్కి వచ్చి వంగి చూశాడు. భార్యాభర్తలిద్దరూ అడుగుతూ ఉంటే ఆమె చెబుతూనే పోయింది, తను ఇక్కడే చదువుకుంటున్నానని కూడా.

"ఎంత బాగా చెబుతున్నారండీ! ఈ వయసులో చదువంటే మాటలా?" అంది పెద్దసారు భార్య. "ఇంతకీ మీవారేం చేస్తుంటారు?"

భర్త అవతల గోడ దగ్గర, ముక్కు ఆనించేంత దగ్గరగా ఒక బొమ్మ ముందు నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన బొమ్మనేదాన్ని అంతసేపు చూడటం అదే మొదలు. చెవులు మాత్రం ఎర్రబడి ఇటే ఉన్నాయి. 'ఊళ్ళో లేరండీ' అనేస్తే గండం గడిచిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయనకొక లేని పెళ్ళాం, తనకొక లేని మొగుడు. ఆ ఇద్దరూ పరువుగా కాపురం చేసుకుంటారు, వాళ్ళ ఎంగిలి గిన్నెలు తను తోముతుంది. ఆమెకి ఇంక చాలనిపించింది.

"అరుగో, ఆ చివరి బొమ్మ ముందున్నారు" అంది. "నన్ను చూసి సిగ్గుపడుతుంటారండీ."